పదింటి మెచ్చుకోలు

పెద్దసారు రెండు రోజుల శిక్షణకు వెళ్లొచ్చాడు. అప్పటి నుంచి ఆ అట్టపెట్టెల ఫ్యాక్టరీకి మెచ్చుకోలు రోగం పట్టుకుంది. రోజూ పదింటికి ఆయన షెడ్డులోకి దిగుతాడు, ముగ్గురిని పొగుడుతాడు, వెనకాలే గుమాస్తా ఫోటోలు తీస్తాడు. నిన్నటికి నిన్న, గోడకు చేరగిలబడి కునుకు తీస్తున్న వాచ్‌మన్‌ని "ఎంత ప్రశాంతంగా పనిచేస్తున్నావయ్యా!" అని భుజం తట్టి మరీ వెళ్లాడు.

ఇవాళ వంతు పెద్దక్కది. పద్దెనిమిదేళ్లుగా అట్టలు కోసే మెషీన్ ఆవిడదే. దాని బెల్టు తెగి ఐదు రోజులైంది. కొత్తది తెప్పించమని ఆవిడ రాసిచ్చిన రెండు కాగితాలూ పెద్దసారు బల్ల మీదే పడున్నాయి. చేసేదేమీ లేక మెషీన్ పక్కన స్టూలేసుకుని కూర్చుంది.

పెద్దసారు మెషీన్‌ని ఎగాదిగా చూశాడు.

"అబ్బ, చిన్న చప్పుడైనా లేదు! చుట్టూ ఒక్క అట్టముక్క లేదు! మెషీన్‌ని ఇలా చూసుకోవాలమ్మా. శభాష్! ఇలాగే కానివ్వండి."

పెద్దక్కకు ఒళ్లు మండింది. రాసిచ్చింది చదవని మనిషికి నోటితో చెప్పడం కూడా దండగనిపించింది.

"అలాగే సార్" అంది. గుమాస్తా ఫోటో తీశాడు.

మధ్యాహ్నం సరుకు కోసం లారీ వచ్చి గేటు దగ్గర ఆగింది. పెద్దసారు షెడ్డులోకి పరిగెత్తుకొచ్చాడు.

"పెట్టెలేవమ్మా? ఒక్కటీ తయారవలేదేం?"

"మీరేగా సార్ ఇలాగే కానివ్వమన్నారు?" అంది పెద్దక్క, స్టూలు మీంచి లేవకుండానే. "కానిస్తున్నాను."