సాగిన్‌బూబూ అపా పాట ఇరుక్కుపోయిన రోజు

నారిన్ పట్టణంలో మా రేడియోకు ఉన్నవి రెండే గదులు. ఒకదాంట్లో నేను వార్తలు చదువుతాను. రెండోదాంట్లో బర్చినాయ్ కూర్చుంటుంది. ముప్ఫై ఏళ్ళుగా పోగైన పాటలూ మాటలూ అన్నీ ఆమె బల్ల కింది కంప్యూటర్‌లోనే ఉంటాయి. నాలుగు డిస్కులు కలిసి ఒక్కటిగా పనిచేసే ఏర్పాటది, రెయిడ్ అంటారు. ఒక డిస్కు పోతే, అందులో ఏముండేదో మిగతా మూడింటిని బట్టి లెక్కగట్టి కొత్తదాన్ని నింపుకోగలదు. రెండు పోతే మాత్రం చేతులెత్తేస్తుంది.

మంగళవారం ఉదయం మూడో డిస్కు పోయింది. బర్చినాయ్ కంగారుపడలేదు. కొత్తది బిగించి, నింపడం మొదలుపెట్టి, టీ పోసుకుంది. పదకొండింటికి అరవై మూడు శాతం దగ్గర పని ఆగిపోయింది. చూస్తే, రెండో డిస్కును కూడా కంప్యూటర్ పక్కకు నెట్టేసింది.

సరిగ్గా అప్పుడే సాగిన్‌బూబూ అపా తలుపు తోసుకుని వచ్చింది. పెద్దవయసు ఆడవాళ్ళను మేం అపా అంటాం. పొద్దున్నే తన ఊరు కోచ్కోర్‌లో వ్యానెక్కిందట. మర్నాటికి ఆమెకు ఎనభై నిండుతాయి. ఆ సందర్భంగా ఒక పాత పాట వేస్తామని మేమే కబురుపెట్టాం. భర్త ఆసన్‌కుల్ పాడుతుంటే ఆమె మూడు తీగల కొముజ్ మీటిన పాట. ఆయన పోయి పన్నెండేళ్ళు. ముందే ఒకసారి వినిపోదామని సంచినిండా బోర్సోక్‌లు, అంటే పిండిముక్కలు, నూనెలో వేయించుకుని మరీ వచ్చింది.

"ఏడీ మా ఆయన?" అంది.

బర్చినాయ్ నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను.

"కాస్త లోపల ఇరుక్కున్నారు అపా," అంది బర్చినాయ్.

"బతికున్నన్నాళ్ళూ అంతే. పిలవగానే వచ్చిందెప్పుడు గనక," అంటూ ఆవిడ కోటు విప్పి కుర్చీ లాక్కుంది.

ఈ డిస్కుల ఏర్పాటు చేసిపెట్టింది తోక్తోసున్ గారు. ఫిజిక్స్ మాస్టారుగా రిటైరయ్యారు. ఊరంతా ఆయన్ను అగాయ్, అంటే మాస్టారు, అనే పిలుస్తుంది. బర్చినాయ్ ఫోన్ చేసింది.

"అగాయ్, అన్నీ కలిపి మళ్ళీ మొదట్నించి తయారు చెయ్యమని ఒక కమాండ్ కనిపిస్తోంది. కొట్టమంటారా?"

"కొట్టావంటే ఉన్నది కూడా పోతుంది. చేతులు ఒళ్ళో పెట్టుకో అమ్మాయ్. మెలిస్ ఉన్నాడా అక్కడ?"

"ఉన్నాడు," అంది నా వంక చూస్తూ.

"వాడి చేతులు కూడా. వస్తున్నా."

పావుగంటలో వచ్చారు, ఇంట్లో వేసుకునే ఉన్ని చెప్పులతోనే. తాను ఎంతవరకు పని చేసిందో ప్రతి డిస్కూ తనలోనే ఒక అంకె రాసుకుంటుంది. ఆ అంకెలను ఒక్కొక్కటిగా చదివించారు. మొదటిదీ నాలుగోదీ ఒకటే అంకె చూపాయి. రెండోది తొమ్మిది తక్కువ.

"తొమ్మిది అడుగులు వెనకబడింది, అంతే. ఇది చావలేదు," అన్నారు.

"మరెందుకు నెట్టేసింది?" అంది బర్చినాయ్.

"దీంట్లో ఎక్కడో చదవలేని చోటుంది. అక్కడే కూర్చుని ఇది నిమిషాల తరబడి వెతుకుతోంది. కంప్యూటరేమో అర నిమిషం చూసి, పోయిందనుకుంది. దీనిది మొండితనం, దానిది తొందర."

"మా ఇంటి సంగతులు నీకెవరు చెప్పారయ్యా?" అంది అపా.

నీరసించిన డిస్కుతో మళ్ళీ బరువు మోయించకూడదన్నారు అగాయ్. దాన్ని ముందు ఇంకో కొత్త డిస్కులోకి నకలు తీయాలి. మొరాయించిన చోట ఆగకుండా దాటిపోయి, ఆఖర్న తిరిగొచ్చి అక్కడ మళ్ళీ ప్రయత్నించాలి. అందుకు నాలుగు గంటలు పట్టింది. ఈలోగా కంప్యూటర్ ఓపికను అర నిమిషం నుంచి మూడు నిమిషాలకు పెంచారు. నేను రెండింటి వార్తలు చదివొచ్చేసరికి బోర్సోక్‌లు సగమయ్యాయి. బర్చినాయ్ మాత్రం ఒక్కటీ ముట్టలేదు.

అయిదింటికి మొదటి డిస్కూ, రెండోదాని నకలూ, నాలుగోదీ కలిపి, చదవడానికి మాత్రమే వీలుండేలా తెరిచారు. తెర మీద పేర్లు వరసగా దిగాయి. బర్చినాయ్ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది.

దక్కనిది రవ్వంత. అది ఎక్కడ పడిందా అని వెతికితే, గడ్డికోతల మీద నేనెప్పుడో చేసిన కార్యక్రమంలో రెండు సెకన్లు మింగేసింది.

"ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?" అన్నాను.

"అది విన్నవాళ్ళుంటే కదా అడగడానికి," అన్నారు అగాయ్.

ముందుగా పాటను వేరే చోటికి కాపీ చేసి, తర్వాత వేశాం. ఆసన్‌కుల్ గొంతు గదంతా నిండింది. అపా వేళ్ళు మోకాలి మీద కొముజ్ మీటుతున్నాయి. పాట అయిపోయింది. బర్చినాయ్ ఆపబోతుంటే టేపులో ఆయన మాట వినిపించింది: "మళ్ళీ తీద్దాం. రెండో చరణంలో తప్పు నాదే."

అపా కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఇంకోసారి వెయ్యమ్మా. పాట కాదు, ఆ చివరిది."

మూడుసార్లు వేశాం. మూడోసారికి ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. "నలభై ఆరేళ్ళ కాపురం. ఒక్కసారైనా తప్పు నాదే అన్నాడా అని నిన్న కూడా చెల్లెలితో అన్నాను. అన్నాడన్నమాట. అదీ రేడియోవాళ్ళ ముందు అన్నాడు. నేనే కొముజ్ సర్దుకుంటూ వినలేదు."

ఆ సాయంత్రమే డిస్కు నింపడం మళ్ళీ మొదలుపెట్టాం. తెల్లారేసరికి నూరు శాతం అయింది. నాలుగు డిస్కులున్నంత మాత్రాన కాపీ ఉన్నట్టు కాదని అగాయ్ గట్టిగా చీవాట్లు పెట్టారు. ఇప్పుడు ప్రతి శుక్రవారం బర్చినాయ్ అన్నిటికీ ఒక కాపీ తీసి గ్రంథాలయం బీరువాలో పెట్టివస్తోంది.

బుధవారం మధ్యాహ్నం పాట ప్రసారమైంది. చివరి మాటలు కొయ్యకూడదని అపా షరతు పెట్టింది. కొయ్యలేదు. కోచ్కోర్‌లో మరుదులందరినీ రేడియో ముందు కూర్చోబెట్టి మరీ వినిపించిందట.