డాలరుకి రూపాయి పావలా

ప్రసన్నలక్ష్మి ఆ పూట చారులో రెండుసార్లు ఉప్పేసింది. మొగుడు అప్పలనరసింహం ఒక ముద్ద తిని, కంచం పక్కకి నెట్టి, "ఏటే, నీ బుర్ర అప్పుడే బేంకాక్ ఎల్లిపోనాదేటి?" అన్నాడు. ఇంకో రోజైతే దీటుగా జవాబు చెప్పేదే. వారం రోజులుగా ఆవిడ ధ్యాస ఇంకెక్కడో ఉంది.

రాయగడలో వాళ్ళది రంగుల కొట్టు. 2006లో అమ్మకాల టార్గెట్ దాటిన డీలర్లని కంపెనీ బ్యాంకాక్ తీసుకెళ్తానంది. దాటించిందెవరయ్యా అంటే, పొద్దున్నే ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, పది నుంచి దీపాలు పెట్టే వేళదాకా కౌంటర్లో నిలబడి డబ్బాల్లో రంగులు కలిపిన ప్రసన్నలక్ష్మి. కంపెనీ కాగితంలో మాత్రం 'డీలరు, ఆయన భార్య' అని ఉంది.

చేతిఖర్చుకి వెయ్యి డాలర్లు కొనాలి. "నాకు ఖాళీ లేదు, నువ్వే వైజాగ్ ఎల్లిరా. మన నేస్తం భీమారావు సెప్పిన డాలర్ల కొట్టుకే ఎల్లు, నలభై ఎనిమిదికి ఇచ్చేస్తాడు. నీకు రేట్ల సంగతేటి తెలుసు, బేరాలాడకు" అని నలభై ఎనిమిది వేలు చేతిలో పెట్టాడు అప్పలనరసింహం.

తెలియకపోవడమేమిటి, పదహారేళ్ళ కౌంటరు! మూడు కొట్లు తిరిగింది. ఒకడు డాలరు నలభై ఆరున్నరే అన్నాడు గానీ కమిషనూ ఆ ఛార్జీ ఈ ఛార్జీ కలిపితే నలభై ఏడున్నర దాటింది. "రేటు నాకెందుకు బాబూ, వెయ్యి డాలర్లు సేతిలో పెట్టడానికి మొత్తం ఎంత తీసుకుంతావో అది సెప్పు" అంది. ఒకడి లెక్క ఇంకొకడికి చెప్పి, మూడోవాణ్ణి అన్నీ కలిపి నలభై ఆరువేల ఏడువందల యాభైకి దింపింది. మిగిలిన పన్నెండు వందల యాభై రుమాల్లో మూటగట్టి, ఇంటికొచ్చి, "నలభై ఎనిమిదేనండి" అంది.

ఎందుకలా అందో ఆవిడకే తెలీదు. పిన్నీసులకీ, నెలనెలా దూదికీ చెయ్యి చాచి, "మొన్నే కదా ఇచ్చేను" అనిపించుకుని తీసుకోవడం అలవాటైపోయింది. ఆ రుమాలు మూట ఒక్కటే అడక్కుండా వచ్చింది. వచ్చిందని సంతోషమా, అదీ లేదు. ఆయనేమైనా తాగుతాడా, తిరుగుతాడా, ఎందుకు అబద్ధమాడాను? ఛీ, కట్టుకున్నవాడి డబ్బు దొంగిలించాను. మంచి రేటు ఇప్పించాడని ఆయన భీమారావింటికి మిఠాయి పట్టుకెళ్తుంటే గుమ్మంలో తలదించుకుని నిలబడింది.

చారులో ఉప్పెక్కువైన రోజు సాయంత్రం అత్తగారు కోటేశ్వరమ్మ పక్కింటి కుంతితో, "మా కోడలమ్మి పైసా ముట్టదు. తాళాలిచ్చేసి నిద్దరోవచ్చు" అంటోంది. ఇక వల్ల కాలేదు. రుమాలు తెచ్చి మొగుడి ముందు పెట్టి, ఉన్నదంతా చెప్పేసింది. ఏడుపొచ్చేసింది.

అప్పలనరసింహం తిట్టలేదు. నోట్లు లెక్కపెట్టుకుని జేబులో పెట్టి, వంద తీసి ఆవిడ చేతికిచ్చాడు. "ఇది ఉంచుకో. భీమారావుకి సెప్పకు, బాధపడతాడు. పిచ్చిదానా, నీకు కావాలంటే అడగొచ్చు కదా, నేనివ్వనా?" అని నవ్వాడు.

ఆ రేటెలా సాధించావని ఒక్క మాట అడగలేదు. ప్రసన్నలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. లోపలికెళ్ళి, బీరువాలోంచి డాలర్ల కవరు తీసి తన హ్యాండ్‌బ్యాగులో పెట్టి జిప్పు లాగింది. ఇదీ తప్పు చేస్తున్నట్టే ఉంది.

"అదెక్కడికే? ఇలాగియ్యి, నాకాడుంటాది."

"నాకాడే ఉంటాదండి" అంది ప్రసన్నలక్ష్మి. "మీకెప్పుడు కావాలన్నా అడగండి. నేనివ్వనా?"