భ్రమరాంబ గారి గిన్నె

నేను ఒక స్టీలు గిన్నెని. కుక్క తినే గిన్నెని. ఈ మాటకే ముక్కు చిట్లించేవాళ్లుంటే ఇక్కడి నుంచే వెళ్లిపోవచ్చు, నాకేం నష్టం లేదు. పాయసం పోసిన రోజుల్లో నన్ను చూసి మురిసిపోయినవాళ్లే ఇప్పుడు బొటనవేలితో పక్కకు నెడుతున్నారు. నేనేం మారలేదు. అదే స్టీలు, అదే అంచు. నాలో ఉన్న అన్నం ఎవరు తింటున్నారన్నది ఒక్కటే మారింది.

ఎక్కడో ఒక పెద్ద షెడ్డులో రేకుగా పడి ఉన్న నన్ను గుండ్రంగా కత్తిరించి, యంత్రం కింద పెట్టి ఒక్క నొక్కు నొక్కారు. గిన్నెనయ్యాను. తర్వాత చూసుకుంటే మొహం కనపడేంత మెరుగు పెట్టారు. నాకీ పొగరు అప్పుడే అబ్బి ఉంటుంది. అక్కణ్నుంచి లారీ ఎక్కి కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక స్టీలు సామాన్ల కొట్టుకి వచ్చాను.

భ్రమరాంబ గారు అమలాపురం నుంచి బస్సు దిగి తిన్నగా ఆ కొట్టుకే వచ్చింది. తమ్ముడు గోపాలం కొత్తగా ఫ్లాటు కొనుక్కున్నాడు. గృహప్రవేశానికి ఏదైనా పట్టుకెళ్లాలి. కొట్టువాడు చూపించిన గిన్నెనల్లా వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింది. “ఇదేవిటయ్యా, అప్పడంలా ఉంది!” అని నా పక్కవాటినన్నిటినీ తోసేసింది. నన్ను కొట్టినప్పుడు మాత్రం, “ఇది పలుకుతోంది” అంది. ఆ మాట నేనింకా మర్చిపోలేదు.

కొట్టు గుమ్మంలో పేర్లు కొట్టే అతను కూర్చునేవాడు. అడుగున కొట్టనా అని అడిగితే ఆవిడ ఒప్పుకోలేదు.

“బోర్లిస్తే గానీ కనపడని పేరెందుకయ్యా? పక్కన కొట్టు. భ్రమరాంబ అని. పెద్దగా కొట్టు, కళ్లజోడు లేకపోయినా కనపడాలి.”

చురుక్కు చురుక్కుమని పొడిచాడు. నొప్పి పుట్టింది. కానీ పేరు లేని గిన్నెలు ఎన్ని ఇళ్లలో తప్పిపోతాయో తర్వాత చూశాను. మనుషులు పిల్లలకు పేర్లు పెట్టేది పిలవడానికి, గిన్నెలకు పేర్లు కొట్టించేది అవి తిరిగి రావడానికి. పిల్లల సంగతి నాకు తెలియదు గానీ, నేను మాత్రం ఏ ఇంటికి కూర పట్టుకెళ్లినా తిరిగొచ్చాను. ఖాళీగా కూడా రాలేదు, గవ్వలతోనో జంతికలతోనో వచ్చాను.

గృహప్రవేశం రోజున ఆడపడుచు హోదాలో పాలు పొంగించింది భ్రమరాంబ గారే. ఆ పాలతో వండిన పాయసం దేవుడి నైవేద్యానికి మొదట పోసింది నాలోనే. అప్పటి నుంచి గోపాలం పెరుగన్నం నాలోనే కలుపుకుని తినేవాడు. “కంచం లేదా మీకు?” అని భార్య హైమవతి విసుక్కునేది. “మా అక్క గిన్నె, నా ఇష్టం” అనేవాడు. చివరి మెతుకు దాకా వేలితో తీసి, మామిడికాయ ముక్క చప్పరించి, నన్ను ముందుకు తోసి లేచేవాడు. ఆయన పోయిన తర్వాత నన్ను అలా ఖాళీ చేసినవాళ్లు చాలాకాలం దొరకలేదు.

తర్వాత హైమవతి కోడలు సుహాసిని వంటగదిని కొత్తగా చేయించింది. గాజు గిన్నెలు వచ్చాయి, అడుగంటని మూకుళ్లు వచ్చాయి. స్టీలంతా గోనెసంచిలోకి దిగింది. సుహాసిని చెడ్డ పిల్ల కాదు, నాతో ఆమెకి ఏ జ్ఞాపకమూ లేదు, అంతే. పాతసామాన్లవాడు వీధి మొదట్లో అరుస్తుండగా హైమవతి ఆ సంచిలో చెయ్యి పెట్టి నన్ను లాగింది. కొంగు కింద దాచుకుని మూడంతస్తులు దిగింది. నన్ను ఎక్కడికో మంచి చోటుకే తీసుకెళుతోందని సంబరపడ్డాను.

తీసుకెళ్లి సెల్లారులో మెట్ల కింద పెట్టింది. ఇంత పెరుగన్నం వేసింది. ఒక గోధుమరంగు వీధికుక్క వచ్చి నాలో మూతి పెట్టింది.

ఒళ్లు మండిపోయింది నాకు. దేవుడి ముందు కూర్చున్నదాన్ని, పదిమంది చేతుల మీద తిరిగినదాన్ని, కుక్క ముందు పెడతారా? హైమవతి కృతజ్ఞత లేని మనిషి అనుకున్నాను. కానీ ఆ కుక్క ఏం చేసిందో తెలుసా? అన్నం అయిపోయాక కూడా వదల్లేదు. నా అడుగు, అంచు, పేరు కొట్టిన చోటు, అన్నీ నాకి నాకి మెరిపించింది. గోపాలం తర్వాత మళ్లీ ఇదే. సరే, ఇక్కడే ఉంటాను, ఎవడేం చేస్తాడో చూస్తాను అనుకున్నాను.

కాకినాడ కాజా రంగులో ఉందని ఆ కుక్కకి కాజా అని పేరు పెట్టారు. పెట్టింది సాయంకాలం సెల్లారు ర్యాంపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చునే ముగ్గురు. హైమవతి ఒకరు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన రత్నం గారు ఇంకొకరు. మూడో ఆయన పోర్టులో పనిచేసిన నూకరాజు గారు. పెంపుడు జంతువులూ కుటుంబసభ్యులూ వాళ్ల మాటల్లో ఎంతగా కలిసిపోతారంటే, ఎవరి గురించి మాట్లాడుతున్నారో నాకు సగం సేపు తెలిసేది కాదు.

“మావాడు నిన్నట్నుంచి అన్నం ముట్టలేదండీ,” అన్నారు ఒకరోజు రత్నం గారు.

“ఎవరు, పెద్దబ్బాయా?” అంది హైమవతి.

“కాదండీ, సుల్తాను. పెద్దాడు బానే తింటన్నాడు. ఈ పిల్లిగాడికే చేప కావాలి. మా కోడలు గుడ్డు పెడితే మొహం తిప్పేసుకున్నాడు.”

“మా అల్లుడూ అంతేనండి బాబూ,” అన్నారు నూకరాజు గారు. “పులస లేపోతే మాటాడ్డు. మా అమ్మాయి రెండు పిట్టల్ని కొని, ఊళ్లెళుతూ నా నెత్తిన పెట్టేసిందండి. పొద్దున్నే లేచి ఒకటే గోల. మా ఆవిడుంటే ఇల్లు ఇలాగే ఉండేదండి. ఇప్పుడా పిట్టలరుత్తుంటే కాసింత బాగుంటంది.”

“మా కాజా నయం,” అంది హైమవతి. “పెట్టింది తింటుంది, చెప్పింది వింటుంది, ఎదురు మాట్లాడదు.”

మా కాజా అనేది ఆవిడ ఈ కుర్చీల దగ్గర మాత్రమే. పైన ఇంట్లో ఆ కుక్క అనేదట. కుక్కలూ గిక్కలూ మనింటి జోలికి రాకూడదని కొడుకు శశిధర్ ఒకసారి గట్టిగా చెప్పాడట. కిందికి రాగానే కొడుకు మీద కసి అంతా కాజా వీపు నిమరడంలో తీర్చుకునేది. ఇంత పిరికితనం ఎందుకని నాకు కోపం వచ్చేది. మనుషులు ప్రేమించడానికి కూడా మెట్లు దిగి రావాలా?

ఈ అపార్ట్‌మెంటుకి కిరీటి గారని ఒక సెక్రటరీ ఉన్నాడు. ఆయనకీ ఒక కుక్క ఉంది, రాకీ. అది లిఫ్టులో దిగి, లిఫ్టులో ఎక్కుతుంది. పెంపుడు కుక్కలకి అభ్యంతరం లేదు, వీధికుక్కలే ఉండకూడదని ఆయన మీటింగు పెట్టి చెప్పాడు. వ్యాను పిలిపించి కాజాని ఊరవతల వదిలేయిస్తానని కూడా అన్నాడు. ఆ సాయంత్రం ముగ్గురూ ర్యాంపు దగ్గర ఆయన్ని తిట్టని తిట్టు లేదు. ఆయన కారు లోపలికి రాగానే, “నమస్కారమండీ” అన్నారు ముగ్గురూ.

సరిగ్గా ఆ రోజుల్లోనే భ్రమరాంబ గారు వచ్చింది. కాకినాడలోనే కంట్లో శుక్లాలు తీయించుకుని, తమ్ముడింట్లో నాలుగు రోజులుండి వెళదామని నల్లకళ్లద్దాలతో దిగింది. కొత్తగా చూపొచ్చిన ఉత్సాహంలో కనపడిన అక్షరమల్లా పైకి చదువుతోంది. నీళ్ల మోటారు మీది రాత, స్కూటర్ల నంబర్లు, ఏదీ వదల్లేదు. సాయంత్రం హైమవతితో పాటు కిందికి దిగి, చదువుకుంటూ చదువుకుంటూ మెట్ల కిందికి వచ్చింది.

“భ్ర... మ... రాం...” అని ఆగిపోయింది.

కాజా అప్పుడే తినడం ముగించి నా అంచు నాకుతోంది.

“హైమా, ఇది నేను గోపాలానికిచ్చిన గిన్నె కాదుటే?”

హైమవతి గబుక్కున కాజాని పక్కకి జరిపింది.

“నా పేరు తీసుకొచ్చి కుక్క ముందు పెట్టావన్నమాట. మా తమ్ముడు పోయాక ఈ ఇంట్లో నా చోటేవిటో బాగా చూపించావు.” “కళ్లు బాగుచేయించుకుంది ఇది చూడ్డానికా?” అంది.

ఆ సాయంత్రం తనిచ్చిన కాఫీ ఆవిడ ముట్టుకోలేదని, సంచీ సర్దేసుకుందని, హైమవతి కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. “అసలు సంగతి చెప్పేయండమ్మా,” అన్నారు రత్నం గారు. “ఏ మొహం పెట్టుకుని చెప్పనండీ? చూడ్డానికి ఆవిడన్నట్టే ఉంది కదా,” అంది హైమవతి. నాకు నోరుంది, చాలా పెద్ద నోరే ఉంది. మాట మాత్రం లేదు. ఉంటే ఇద్దరికీ నాలుగు పెట్టేదాన్ని.

మర్నాడు పొద్దున్నే భ్రమరాంబ గారు సంచీతో కిందికి దిగింది. వెనకాలే హైమవతి. రత్నం గారూ నూకరాజు గారూ పాలపాకెట్లతో నిలబడి ఉన్నారు. ఇంతలో వ్యాను వచ్చింది. వల పట్టుకుని ఇద్దరు దిగారు. కాజా నా వెనక నక్కి, గోడకి కరుచుకుపోయింది.

వాళ్ల వెనకే వచ్చిన కిరీటి అందరి వంకా చూశాడు. “ఈ కుక్క ఎవరిదండీ? మాది అని ఎవరైనా చెబితే వదిలేస్తాను. పెంచుకునే కుక్కని తీసుకెళ్లే హక్కు నాకు లేదు. ఎవరిదీ కాకపోతే మాత్రం వ్యానెక్కిస్తాను.”

రత్నం గారు తన చెప్పుల్ని పరీక్షగా చూసుకున్నారు. నూకరాజు గారికి దగ్గు వచ్చింది. హైమవతి తలెత్తి చూసింది. మూడో అంతస్తు బాల్కనీలో శశిధర్ పళ్లు తోముకుంటున్నాడు.

“అది... అందరిదీనండీ,” అంది హైమవతి.

“అందరిదీ అంటే ఎవరిదీ కాదనేగా,” అంటూ కిరీటి అడ్డంగా ఉన్నానని నన్ను ఒక్క తన్ను తన్నాడు.

తన్నితే తన్నాడు, మోగకుండా ఉంటానా? స్తంభానికి కొట్టుకున్నాను, కారు చక్రానికి కొట్టుకున్నాను, ర్యాంపంతా దొర్లుతూ నాకున్న గొంతంతా వాడేశాను. అన్ని బాల్కనీల్లోకీ మనుషులు వచ్చారు. అలా దొర్లి దొర్లి భ్రమరాంబ గారి కాళ్ల దగ్గర ఆగాను. పక్కన సొట్ట పడింది. ఆవిడ వంగి నన్ను తీసింది. అంటుకున్న మట్టినీ పెరుగునీ తన చీర కొంగుతోనే తుడిచింది.

“ఎవరయ్యా దీన్ని తన్నింది?”

“కుక్క గిన్నండీ అది, పెద్దమ్మగారూ. పారేయండి.”

“ఎవరి గిన్నో చదువు. కళ్లజోడు లేకపోయినా కనపడాలనే కొట్టించాను.”

“భ్రమరాంబ,” అని చదివాడు కిరీటి. “ఎవరండీ?”

“నేనే. ఇది నా గిన్నె. నా గిన్నెలో తినేది నా కుక్క. ఇంకేవన్నా కావాలా?”

“మీరు ఇక్కడుండేవాళ్లు కాదు కదండీ...”

“మూడో అంతస్తులో ఉన్నది నా తమ్ముడిల్లు. ఆ ఇంట్లో పాలు పొంగించింది నేను. నువ్వు ఆ రోజుకి ఈ వీధి మొహమైనా చూశావా?”

అప్పుడు వెనక నుంచి, “కాదు వదినగారూ,” అంది హైమవతి. ఆవిడ గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు. “కాజా మీది కాదు, నాది.” తలెత్తి బాల్కనీ వైపు చూసింది. “శశీ, విన్నావా? కాజా నాది! రేపట్నుంచి మనింట్లోనే తింటుంది!”

శశిధర్ నోటినిండా నురగ. ఏం అనలేకో, అనబుద్ధి కాకో, తలూపాడు.

“మాక్కూడా చుట్టమేనండి,” అన్నారు నూకరాజు గారు, ప్రమాదం తప్పాక ధైర్యం తెచ్చుకుని. రత్నం గారు అప్పటికే వలవాళ్లకి దారి చూపిస్తున్నారు. వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది.

హైమవతి అప్పుడు చెప్పింది. “స్టీలంతా పాతసామాన్లకి పోయింది వదినగారూ. ఆయన తిన్న గిన్నె ఇదొక్కటే మిగిలింది. పైన ఉంచితే ఏదో ఒకరోజు ఇదీ పోతుంది. కుక్క ముందున్న గిన్నెని మాత్రం ఎవరూ ముట్టుకోరు. అందుకని ఇక్కడ దాచుకున్నాను.”

భ్రమరాంబ గారు నల్లకళ్లద్దాలు తీసింది. “ఆ మాట నిన్ననే ఏడవచ్చుగా, మొద్దూ! కళ్లలో నీళ్లు పెట్టుకోకూడదని డాక్టరు మరీమరీ చెప్పాడు.” సంచీ హైమవతి చేతికిచ్చింది. “పైకి పట్టుకెళ్లు. కాఫీ పెట్టు. గోపాలం ఈ గిన్నెలో ఏం తినేవాడో అదంతా చెబుదువుగాని.”

నేను బొత్తిగా తెలివితక్కువదాన్నని అప్పుడే తెలిసింది. నన్ను పారేశారనుకుని ఇన్నాళ్లూ పళ్లు నూరుకున్నాను. దాచుకున్నారు నన్ను. అయినా హైమవతికి క్షమాపణ చెప్పను. చెప్పకుండా దాచడం ఆవిడ తప్పే.

అమలాపురం బస్సెక్కే ముందు భ్రమరాంబ గారు నన్ను మెయిన్ రోడ్డుకి తీసుకెళ్లింది. అదే కొట్టు, గుమ్మంలో వేరే మనిషి.

“ఈ సొట్ట తీసేయమంటారా అమ్మా?”

“ఉండనీ. ఆ పేరు కింద కాజా అని కొట్టు.”

“మనవరాలాండీ?”

“మా పుట్టింటి ఆడపిల్ల. పెద్దగా కొట్టు.”

మళ్లీ చురుక్కు చురుక్కుమంది. ఈసారి నొప్పి తెలియలేదు. ఇప్పుడు నా మీద రెండు పేర్లున్నాయి, ఒక సొట్ట ఉంది. మూడో అంతస్తులో, గుమ్మం పక్కన, అందరికీ కనపడేలా కూర్చుని ఉన్నాను. నన్ను తన్నాలనుకునేవాళ్లు ముందు చదివి, ఆ తర్వాత కాలెత్తండి.