చివరి అక్షరం ఫె

ముప్పై ఏడేళ్ళుగా అట్టముక్కలు కత్తిరించి కత్తిరించి నా బొటనవేలు వంకరపోయింది. మా ఆర్మేనియా అక్షరాలు ముప్పై తొమ్మిది. అవన్నీ వచ్చాక ఒకటో తరగతికి అక్షరాల పండుగ చేస్తాం. ఒక్కో బిడ్డ ఒక్కో అక్షరం అట్ట మెడలో వేసుకుని దాని పద్యం చెప్పాలి. ఈసారి మా కొండమీది ఊళ్ళో ఒకటో తరగతికి, అసలు బడి మొత్తానికే ఉన్నది ఒకే ఒక్క పిల్ల, శుషన్.

"కింది ఊరి బడిలో చేయించుకోవే తల్లీ," అన్నాను.

"అక్కడైతే నాకు ఒక్క అక్షరమే ఇస్తారు టీచర్. నాకు అన్నీ వచ్చుగా!"

పండక్కి పట్నం నుంచి వచ్చే విద్యాధికారికి ఇద్దామని రాజీనామా అప్పటికే రాసి పెట్టుకుని, ఒక కాగితం ఇస్తానని ఆయనకు కబురూ పెట్టాను. నేను మానేస్తే బడి మూతే. మంచు పడితే కింది ఊరికి దారి ఉండదు కనక, ఆరేళ్ళ పిల్లను పట్నంలో పిన్ని ఇంట్లో వదలాలి. సంగతి తెలిసి వాళ్ళమ్మ హైకుష్ మా ఇంటికొచ్చి బతిమాలింది.

"ఇంకొక్క ఏడాది ఓపిక పట్టు అక్కా."

"ఓపిక కొట్లో అమ్ముతారటే?" అని కసిరాను. నిజంగానే నాలో ఓపిక లేదు.

పిల్ల పట్టు విడవలేదు. చివరికి ఊళ్ళో మిగిలిన పెద్దాళ్ళకే మనిషికి మూడో నాలుగో అట్టలు తగిలించాను. ఎవరి పేరులో మొదటి అక్షరం వాళ్ళకే కావాలట! మాకు 'సె'కీ 'సి'కీ ఒకటే అక్షరం. సెద్రాక్ తాతా, ఆయన భార్య సిరానుష్ 'సె' అట్టను చెరోవైపు పట్టుకు లాగారు.

"యాభై ఏళ్ళు నీ వెనకే నడిచాను. ఈ అక్షరమైనా నాకొదులు ముసలోడా!"

"తీసుకో, తీసుకో. నోరు మాత్రం ఆపు!"

చిట్టచివరి 'ఫె' ఎవరికీ అక్కర్లేదు. దాంతో మొదలయ్యే పేరు ఊళ్ళో ఒక్కటీ లేదు. దాన్ని బల్లమీద పడేసి, అధికారి రాగానే పండుగ మొదలుపెట్టించాను.

శుషన్ ఒక్కో అక్షరం ముందూ నిలబడి పద్యం చెప్పింది. ముప్పై ఎనిమిది చెప్పినా తడబడలేదు. గోడకానుకుని నిలబడ్డ నాకు మోకాళ్ళు లాగేస్తున్నాయి. పిల్ల బల్లమీది అట్ట తెచ్చి నా మెడలో వేసి, కుర్చీ లాగింది.

"మీరు కూచోండి టీచర్. నేను నిలబడతా."

ఇన్నేళ్ళలో ఈ బడిలో నన్ను కూచోమన్నవాళ్ళు లేరు. కూచున్నాను. అందరి ముందూ సిగ్గులేకుండా ఏడ్చాను.

గాటా అనే తీపిరొట్టె పంచుతుండగా అధికారి నా దగ్గరికొచ్చాడు.

"ఏదో కాగితం ఇస్తానన్నారు?" అని చెయ్యి చాపాడు.

రొట్టె కోస్తున్న హైకుష్ చెయ్యి ఆగిపోయింది. శుషన్ ఇదేమీ ఎరగదు. ఇద్దరి మధ్యా దూరి నా ముందుకొచ్చింది.

"అక్షరాలయిపోయాయిగా టీచర్. రెండో తరగతి పుస్తకం రేపు మొదలుపెడదామా?"

"రేపు నాకు ఒళ్ళునొప్పులు," అన్నాను. "ఎల్లుండి రా."