సముద్రం వెనకాల కొర్లమ్మ

మంగళవారం పొద్దున, అందరూ చూస్తుండగానే, సముద్రం లేచి, పేటకు వీపు తిప్పి, నడిచి వెళ్లిపోతుంది.

అది ఉన్న చోట తడినేల మిగులుతుంది. పడవలు పక్కకు ఒరిగి పడుకుంటాయి. చేపలు వీధి కుళాయి దగ్గర జనంలా వరసకట్టి నిలబడతాయి. భీమిలికి ఇవతలున్న ఆ జాలరిపేటలో ఎవరూ గోల పెట్టరు. వలలు మడిచి లోపల పెట్టుకుంటారు, అంతే.

కొర్లమ్మ మొగుడు ఎల్లాజీ ఒక్కడే లుంగీ ఎగ్గట్టి గట్టు దిగుతాడు.

"ఎక్కడికి మావా?"

"సంద్రం ఎక్కడికెల్లిందో సూసొస్తాను."

"సూసి ఏటి సేస్తావు?"

"సూస్తాను," అంటాడు, జవాబంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నట్టు.

"గుంటకి మూడు రోజుల్నించి జొరం. దాని వొల్లు ముట్టుకున్నావా? ఎంత కాల్తందో తెలుసా నీకు?"

అతను వెనక్కి తిరగడు. నడిచే కొద్దీ పిల్లిలా, ఈగలా చిన్నవాడై, చివరికి తడినేల మీద ఒక చుక్కవుతాడు, అదీ ఆరిపోతుంది.

తొమ్మిది రోజులు రెండేళ్ల కూతురు నూకాలుని ఒళ్లో వేసుకుని కూర్చుంటుంది కొర్లమ్మ. పదో రోజు జ్వరం లేచి, చెప్పులేసుకుని, గుమ్మం దాటి వెళ్లిపోతుంది. ఎక్కడికెళ్లిందో చూసి రావాలని కొర్లమ్మకు అనిపించదు. తలుపు గడియ పెడుతుంది.

ఈలోగా పేటలో ఎల్లాజీ పేరు మోగిపోతుంది. అంత దూరం వెళ్లిన మగాడు మన వంశాల్లో లేడంటారు. తోరణాలు కడతారు. బడిపంతులు నరసింగరావు గారు కాగితం, కలం పట్టుకుని ఇంటికొస్తారు.

"అమ్మా కొర్లమ్మా, పిల్లలకి వ్యాసం ఇచ్చాను. తెలియనిదాని కోసం మనిషి ఎందుకు వెతుకుతాడు అని. నువ్వు నాలుగు ముక్కలు చెబితే బాగుంటుంది."

"మా ఇంట్లో బియ్యం డబ్బా ఎక్కడుంటాదో ఆడికి తెల్దు బాబూ. గుంటకి కొత్త పన్నొచ్చినాది, అదీ తెల్దు. నాను పెళ్లయిన కాన్నించీ ఎడం సెవి ఇనపడక సస్తన్నాను, అదీ తెల్దు. ఇంటి నిండా ఆడికి తెలీనియ్యే. వొక్కటీ ఎతకలేదు. రాసుకోండి."

పంతులు గారు రాసుకోరు. కాగితం దానంతట అదే అంచుల దగ్గర నల్లబడుతుంది.

అప్పటి నుంచి కొర్లమ్మకు పొయ్యి వెలిగించే పని ఉండదు. ఎసరు గిన్నె పక్కన పెట్టుకుని కూర్చుంటే చాలు, అన్నం ఉడుకుతుంది. ఇరుగుపొరుగు వాళ్లు కూడా గిన్నెలు తెచ్చి ఆమె చుట్టూ పెడతారు. కూర అడుగంటకుండా కాస్త శాంతించమని మర్యాదగా అడుగుతారు. శాంతించడం ఆమెకు చేతకాదు.

ఇరవయ్యొకటో రోజున గట్టు మీద ఎల్లాజీ విగ్రహం పెడతారు. చెయ్యి కళ్ల మీద అడ్డం పెట్టుకుని దూరం చూస్తున్న విగ్రహం. దండ వెయ్యమని కొర్లమ్మను పిలుస్తారు. ఆమె చేతిలోనే బంతిపూలు మాడి బూడిదవుతాయి.

"అత్తా, గుంటని సూడు," అని ముసలామెకు చెప్పి, ఆమె గట్టు దిగుతుంది. "నీ కొడుకుని జుట్టట్టుకు ఈడ్సుకొస్తాను."

చేపలు తప్పుకుని దారిస్తాయి. నడినెత్తిన సూర్యుడు కదలడు. ఆమె అడుగు వేసిన చోటల్లా తడి ఆవిరై లేస్తుంది. ఏడామడలు నడవాలనుకుని బయల్దేరుతుంది గానీ, చుట్ట కాల్చేంత సేపు కూడా నడవదు. ఒక బండ వెనకాల ఎల్లాజీ మోకాళ్లు కావలించుకుని కూర్చుని ఉంటాడు.

అక్కడి నుంచి వాళ్ల ఇంటి కప్పు కనిపిస్తూనే ఉంటుంది. డప్పులు వినిపిస్తూనే ఉంటాయి.

"ఇక్కడేనా?" అంటుంది కొర్లమ్మ.

"ముందర పల్లం కొర్లీ. కిందేటుందో కనపడ్నేదు. బయమేసినాది."

"మరి ఇంటికి రాకపోయావా?"

"ఎలాగొస్తానే? తోరనాలు కట్టేసినారు గదా. అడిగితే ఏటి సెప్పను?"

ఇన్నాళ్లూ తన కోపం అతని మీదే అనుకుంటూ వచ్చింది ఆమె. వెళ్లిపోయినందుకు. ఇప్పుడు అతన్ని చూస్తుంటే ఆ కోపం కాస్తా చల్లారి, దాని కిందనుంచి ఇంకోటి, ఇంకా పాతది, పొగలు కక్కుతూ పైకొస్తుంది.

"గుంటని వొదిలేసి, నన్నొదిలేసి, ఇంత దూరమే ఎల్లావా? మా ఉసురు పోసుకున్నోడివి, అదేదో సూసయినా రాకపోయావా?"

ఆమె అతని రెక్క పట్టుకుని లేపి, పేట వైపు తిప్పి, ఒక్క తోపు తోస్తుంది.

"ఎల్లు. గుంట కుడి పక్కకి తిరిగి పడుకుంటాది. తెలుసుకో."

"నీకెందుకే ఆ పల్లం?"

"మా అమ్మ, మా అమ్మమ్మ ఆ సంద్రం ముంగిట్లోనే బతికినారు. నాను దాని ముంగిట్లోనే పుట్టినాను. ఒక్క మాట సెప్పకుండా ఎల్లిపోనాది. అడగొద్దా?"

ఆమె పల్లం దిగుతుంది. భయం లేక కాదు. కోపం ఆమె కాళ్లకంటే ముందు నడుస్తుంది, అవి దాని వెనక పరిగెత్తాల్సి వస్తుంది.

అడుగున సముద్రం ఉంటుంది. కొండంత ఒళ్లు ముడుచుకుని, మోకాళ్ల మీద వంగి, నేలలో పిడికిలంత కన్నానికి కన్ను ఆనించి లోపలికి చూస్తుంటుంది.

"ఏటుంది లోపల?" అని అరుస్తుంది కొర్లమ్మ.

సముద్రం తల ఎత్తదు. కొంచెం పక్కకు జరిగి చోటిస్తుంది.

ఆమె బోర్లా పడుకుని కన్నంలోకి తొంగి చూస్తుంది. ఏమీ కనిపించదు. తలొంచడంతో జడ జారి లోపల పడుతుంది. లోపల్నుంచి ఎవరో దాన్ని అందుకుని, ముడి విప్పి, దువ్వెన పెట్టి, చిక్కులు తియ్యడం మొదలుపెడతారు.

"ఎవుర్నువ్వు? పేరు సెప్పు!" అని కసురుతుంది ఆమె.

దువ్వెన ఆగదు. ఆమె వెనకాల, సముద్రం తన అలలన్నీ విప్పి వీపు మీద ఆరబోసుకుని, బాసింపట్టు వేసుకుని, తన వంతు కోసం కూర్చుంటుంది.