రెండు ఆమెన్‌లు

ఆగండి, ఎక్కడికీ వెళ్లకండి, కాస్త వినండి. సాయంత్రంలోగా నేను ఒకరికి జవాబు చెప్పాలి, నాకేమో తల తిరిగిపోతోంది.

మా స్టేషన్ ఘన్‌పూర్ విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, ఇన్నాళ్లూ ఆడవాళ్లకంటూ ఒక దళం లేదు. గుడి ఊడ్వడం, పూలు కట్టడం, పండగకి పులిహోర కలపడం, అంతే. ఈ ఏడాది ఫాదర్ పునీత మార్తమ్మ పేరుతో సేవాదళం పెడదామన్నారు. ఇద్దరిద్దరుగా ఇళ్లకు వెళ్లాలి, రోగులకు సాయం చేయాలి, వాళ్లు అడిగిన దాని కోసం ప్రార్థించాలి. నియమం ఒకటే: ఇంట్లో విన్న మాట గడప దాటకూడదు. హైదరాబాద్‌లో డిగ్రీ చేసి వచ్చిన నేను అందరికంటే ముందు పేరిచ్చాను. నాకు జోడీ సౌందర్యక్క. పుట్టిల్లు మొగుళ్లపల్లి, ఆమె నోరుంటే మైకు అక్కర్లేదు.

దళానికి స్వాగత పూజ ఈరోజు. పోయిన వారమే మేమిద్దరం మొదటి ఇంటికి వెళ్లాం. విజయక్క ఇల్లు. బియ్యం బస్తా ఎత్తబోయి ఆమె నడుం పట్టేసింది. సౌందర్యక్క ఆ నడుముకు నూనె రాస్తూ నన్ను మునగచెట్టు ఎక్కించేసింది.

"ఏం అడగాల్నో చెప్పు విజయా. మా శ్వేత పట్నంల చదివింది, దేవునికి జల్దీ అందుతది!"

విజయక్క నవ్వలేదు. "నా నడుము సంగతి ఇడిచిపెట్టున్రి. మా అక్షయ పాలు తాగే పిల్లప్పుడు దవాఖానల ఆశ లేదన్నరు. బతికితే నీ మఠానికే ఇస్త తల్లీ అని మరియ తల్లికి మొక్కుకున్న. బతికింది. ఇప్పుడు ఇంటర్ అయిపోయింది. ఆదివారం మహబూబాబాద్ సిస్టర్లు వస్తరట. వాళ్లు దాన్ని తీస్కపోవాలె. మొక్కు తప్పితే పిల్ల నాకు దక్కదు. గదే అడుగున్రి."

నాకు ఒళ్లు పులకరించింది. మా విచారణ నుంచి ఒక మఠకన్య! మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళితే అక్షయ పొయ్యి దగ్గర ఉంది.

"అక్కా, నా కోసం గూడ ప్రార్థన చేస్తవా?"

"చెప్పు."

"సిస్టర్లు నన్ను వద్దనాలె."

నేను గ్లాసు గట్టు మీద పెట్టేశాను.

"నాకు నర్సింగ్ చదవాల్నని ఉంది. అమ్మకు చెప్తే భయంతోనే పానం ఇడుస్తది. ఇప్పటికి గూడ రాత్రి లేచి నా ముక్కు కాడ వేలు పెట్టి చూస్తదక్కా, శ్వాస ఆడుతుందా లేదా అని. ఎవ్వరికి చెప్పకు, ఒట్టు."

వంటింట్లోంచి బయటికి రాగానే "ఇగ మొదలుపెట్టు" అంది సౌందర్యక్క. ఓ పక్క తల్లి నొప్పితోనే మోకరించింది, ఇంకో పక్క కూతురు. ఏమని అడగాలి? తల్లి మాట అడిగితే కూతురికి ద్రోహం, కూతురి మాట అడిగితే గుట్టు రట్టు.

"ప్రభువా, ఈ ఇంటివాళ్లు అడిగింది ఇవ్వు" అనేశాను.

తల్లీకూతుళ్లిద్దరూ ఒక్కసారే "ఆమెన్!" అన్నారు. ఎంత గట్టిగా అంటే వాకిట్లో కోళ్లు చెదిరిపోయాయి.

దారంతా సౌందర్యక్క ఒకటే దెప్పడం. "గింతంత ప్రార్థనా? నీ డిగ్రీ అంత గిదేనా పిల్లా?"

ఈ పొద్దున పూజలో మమ్మల్ని పీఠం ముందుకు పిలిచారు. చప్పట్లు, పాటలు, మెడలో నీలి కండువాలు. విన్న మాట గడప దాటనివ్వమని అందరితోపాటు ప్రమాణం చేశాను. నా గొంతు వణికింది. ఫాదర్ అది భక్తి అనుకున్నారో ఏమో, మెచ్చుకోలుగా తలాడించారు.

పూజ అయ్యాక మహబూబాబాద్ నుంచి వచ్చిన పెద్ద సిస్టర్ నన్ను వసారాలోకి పిలిచింది.

"అక్షయ వాళ్ల ఇంటికి పోయినవంట గదా బిడ్డా. పిల్లను అడిగితే అమ్మ దిక్కు చూసి తల ఊపుతది. మనసు లేని పిల్లను మేం తీసుకోం. తల్లిని చూస్తేనేమో కాదనబుద్ధి అయితలేదు. నువ్వు చెప్పు, ఆ పిల్లకు నిజంగ రావాల్నని ఉందా?"

"కాస్త ఆలోచించుకోనివ్వండి సిస్టర్" అన్నాను.

"ఆలోచించుకో. సాయంత్రం బస్సుకు పోతం, ఆలోపు చెప్పు."

అటు చూస్తే విజయక్క, అక్షయ చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది. అక్షయ కళ్లు నా మీదే ఉన్నాయి. చెప్పమనా, వద్దనా? ఎంత చూసినా అర్థం కాలేదు. చెబితే పొద్దున చేసిన ప్రమాణం పోతుంది, అక్షయ పెట్టిన ఒట్టు పోతుంది, ఆ తల్లికి ఇక కంటి మీద కునుకుండదు. చెప్పకపోతే ఆ పిల్ల వాళ్లతో బస్సెక్కేస్తుంది. సౌందర్యక్కను అడుగుదామంటే ఆమెకూ చెప్పకూడదాయె.

మీరైతే సిస్టర్‌కి ఏం చెబుతారు?