అమ్మ తొడిగిన జెర్సీ

కొడుకు ఆడిన ఆట ఓడెట్ ఒక్కటీ చూడలేదు. శుక్రవారం సాయంత్రం ఊరంతా మైదానానికి పోతుంటే ఆవిడ ఆసుపత్రి వంటగదిలో డ్యూటీ వేయించుకునేది. ఆమె పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు అన్న రూఫస్ అదే మైదానంలో ఆడుతూ మెడ విరిగి పడిపోయాడు. అప్పటినుంచీ అతనికి చక్రాల కుర్చీయే గతి.

ఇప్పుడు ఆవిడ కొడుకు డేరియస్‌కు దేశంలోకెల్లా మేటి హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి పురస్కారం వచ్చింది. బడిలో అందరి ముందూ పురస్కారంతో పాటు ఇచ్చే జెర్సీని తల్లే తొడగడం ఆనవాయితీ.

"నాకు డ్యూటీ ఉంది," అంది ఓడెట్.

"మూడేళ్లుగా తోముతున్నావు, ఆ గిన్నెలింకా తెల్లబడలేదా?" అన్నాడు రూఫస్. "నువ్వు పోకపోతే నేనే పోతా. నా చేతులు పైకి లేవవు. వాడు మోకాళ్ల మీద కూర్చోవాలి. పరువు పోయేది నీదే చెల్లీ."

ఆవిడకు నవ్వొచ్చింది. వెళ్లింది.

చప్పట్ల మధ్య జెర్సీలోకి ఎడమ చెయ్యి దూర్చబోతే డేరియస్ పళ్లు బిగబట్టాడు. ఆవిడ వేళ్లకు భుజం మీద కోడిగుడ్డంత వాపు తగిలింది.

"ఎన్నాళ్లయింది?" చెవిలో అడిగింది.

"రెండు వారాలు. కోచ్‌కి చెబితే ఫైనల్ ఆడనివ్వడమ్మా."

ఫొటోలయ్యేదాకా నవ్వుతూ నిలబడి, అట్నుంచటే ఆసుపత్రికి తీసుకుపోయింది. ఎముక చిట్లింది, ఇంకో దెబ్బ తగిలితే ఆ చెయ్యి మీద ఆశ వదులుకోవాల్సిందే అన్నాడు డాక్టరు.

"ఆటంటేనే నీకు పడదు. ఇప్పుడు సంతోషమేగా," అన్నాడు డేరియస్ కారులో.

ఆ మాట ములుకులా దిగింది.

"నువ్వెలా ఆడతావో కూడా నాకు తెలీదురా. అది నా తప్పే. ఈ చెయ్యి పోతుంటే మాత్రం చూస్తూ ఊరుకోను."

ఫైనల్ రోజున డేరియస్ చేతికి కట్టుతో మైదానం పక్కన జట్టు బెంచీ మీద కూర్చున్నాడు. ఓడెట్ సెలవు పెట్టి రూఫస్ పక్కన చలిలో కూర్చుంది. జనం లేచినప్పుడల్లా "ఇప్పుడేమైంది?" అని అన్నను పీక్కు తినేసింది. జట్టు మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయింది.

"నేనుంటే చివర్లో బంతి పట్టుకుని పరిగెత్తినవాణ్ణి ఆపేవాణ్ణి మావయ్యా," అన్నాడు డేరియస్. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఆపేవాడివే," అన్నాడు రూఫస్.

"ఎలా ఆపేవాడివి?" అంది ఓడెట్.

వాడు తల్లి ముఖంలోకి చూశాడు. ఇంటికి పోయేదాకా కారులో ఒంటి చేత్తో చూపిస్తూ చెబుతూనే ఉన్నాడు. అర్థం కానిచోటల్లా ఆవిడ మళ్లీ మొదట్నుంచీ చెప్పించుకుంది.